పిలిచినవారి బాకీ

అమెరికా కాలేజీ అనే మాట గుంటూరువారికి కొత్తది కాదు. అమెరికన్ లూథరన్ మతప్రచారకుడు హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842లో. ఆ మిషన్‌వారు 1885లో నెలకొల్పిన కాలేజీయే నేటి ఆంధ్ర క్రైస్తవ కళాశాల. వారి ఉద్దేశాలు వారికున్నాయి; ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. ఆనాడు అమెరికా కాలేజీ మన ఊరు వెతుక్కుంటూ వచ్చింది. ఈనాడు మన కుర్రవాళ్ళు అమెరికా కాలేజీని వెతుక్కుంటూ పోతున్నారు. పల్నాటి మిరపచేను తాకట్టుపెట్టో, పర్చూరు వైపు పత్తిపొలం అమ్మో బిడ్డను పంపిన తండ్రులు నాకు చాలామంది తెలుసు. అయితే నేను రాయదలచింది వీరిని గురించి కాదు. ఫీజు కట్టిన విద్యార్థిని కాలేజీ చేర్చుకొంటుంది, అంతటితో సరి. కాని కాలేజీయే దేశదేశాలూ గాలించి, చూసి, ఎంచి, బేరమాడి తెచ్చుకొనే మనుషులు కొందరున్నారు. వారు ఆటగాళ్ళు.

ఒక విద్యాసంస్థ తన జట్టు గెలవటం కోసం పరాయిదేశం నుంచి మనిషిని తెచ్చుకోవటం న్యాయమేనా? న్యాయమే అనుకొంటే, అట్లా తెచ్చుకొన్న మనిషికి ఆ సంస్థ ఏమి బాకీపడుతుంది? అతన్ని పెంచి పంపిన ఊరికి ఏమి బాకీపడుతుంది? ఇదీ ప్రశ్న. ఇది అమెరికావాళ్ళ గొడవ, మనకెందుకని కొందరు అడగవచ్చు. మంచు మీద ఆడే హాకీకీ, మిరపకాయ ఎండబెట్టే కల్లానికీ సంబంధమేమిటని నవ్వవచ్చు కూడా. సంబంధం ఉన్నది. అది ఎక్కడున్నదో చూపటానికే ఈ వ్యాసం.

ముందు వస్తుస్థితి తెలుసుకొందాం. ప్రపంచంలో చాలా దేశాల్లో పెద్ద ఆటలు క్లబ్బుల చేతుల్లో ఉంటాయి. అమెరికాలో మాత్రం క్లబ్బులతోపాటు విశ్వవిద్యాలయాలు కూడా స్టేడియంలు కట్టి, టిక్కెట్లు అమ్మి, టెలివిజన్ కంపెనీలతో ఒప్పందాలు చేసుకొని ఆటలు నడుపుతాయి. ఈ వ్యవహారాన్ని శాసించేది ఎన్.సి.ఎ.ఎ. అనే జాతీయ కాలేజీ క్రీడాసంఘం. ఆడినందుకు జీతం ఇవ్వరాదనీ, చదువుకు మాత్రం స్కాలర్‌షిప్పు ఇవ్వవచ్చుననీ ఈ సంఘం దశాబ్దాల తరబడి నియమం పెట్టుకొన్నది. అక్కడి ఉత్తర రాష్ట్రాల్లో హాకీ అంటే పచ్చికమీద బంతితో ఆడేది కాదు. కాళ్ళకు ఇనుపపలకల బూట్లు తొడుక్కొని, మంచుమీద రబ్బరుబిళ్ళతో ఆడేది. ఆ ఆటకు పుట్టిల్లు కెనడా. కాబట్టి అమెరికా కాలేజీలు హాకీ ఆటగాళ్ళకోసం మొదటినుంచీ సరిహద్దు దాటి చూస్తూనే ఉన్నాయి.

దీనిమీద తగవు కూడా పాతదే. 1950ల్లో డెన్వర్ విశ్వవిద్యాలయం ముఖ్యంగా కెనడా కుర్రవాళ్ళతో జట్టుకట్టి, 1958లో జాతీయ విజేత అయింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో జాన్ మారియూచీ అనే శిక్షకుడు దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. పద్దెనిమిదేళ్ళ స్థానిక కుర్రవాడి ఎదుట, కెనడాలో ఏళ్ళతరబడి పోటీలాడి రాటుదేలిన పెద్దవాణ్ణి నిలబెట్టటం న్యాయం కాదని అతని వాదం. ఆ ఏడాదే మిన్నెసోటా, మిచిగన్ ప్రాంతపు నాలుగు కాలేజీలు బయటికి నడిచాయి. ఆ పోటీసంఘమే కూలిపోయింది. మారియూచీ ఎవరు? ఎవెలెత్ అనే ఇనుపగనుల ఊళ్ళో పుట్టిన ఇటలీ వలసకుటుంబపు బిడ్డ. తన ఊరి గనికార్మికుల పిల్లలకు కాలేజీ జట్టులో చోటు దక్కాలని అతను కోరాడు. కాలేజీకి భూమినీ డబ్బునూ ఇచ్చే జనం, తమ పిల్లలకు అందులో చోటెక్కడని అడిగితే ఆ ప్రశ్నను తోసిపుచ్చలేం. అతని కోరికలో నిజం ఉన్నది.

కాని ఆ నిజాన్ని ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవాలి. వాషింగ్టన్ నగరంలో నల్లజాతివారి ఉన్నతవిద్య కోసం వెలసిన హోవార్డు విశ్వవిద్యాలయం ఉన్నది. ట్రినిడాడ్‌నుంచి వచ్చిన లింకన్ ఫిలిప్స్ శిక్షణలో, ఆఫ్రికానుంచీ కరీబియన్ దీవులనుంచీ వచ్చిన విద్యార్థులతో ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టు 1971లో జాతీయ ఛాంపియన్ అయింది. నల్లజాతి విశ్వవిద్యాలయం ఒకటి అంత పెద్ద పోటీలో గెలవటం అదే మొదలు. ఆటగాళ్ళ అర్హతమీద విచారణ జరిపి, క్రీడాసంఘం ఆ బిరుదును లాగేసుకొన్నది. అందులో ప్రయోగించిన ఆయుధాల్లో ఒకటి విదేశీ విద్యార్థుల నియమం: పరాయిదేశంలో ఆడిన ఆటను పరాయివాడి అర్హతలోంచి కోసివేసే నియమం. హోవార్డు కోర్టుకెక్కింది. ఆ నియమం రాజ్యాంగవిరుద్ధమని కోర్టు తేల్చింది. 1975లో పై కోర్టు కూడా ఆ తీర్పును నిలబెట్టింది. ఈలోగా 1974లో అదే విశ్వవిద్యాలయం ఒక్క ఆటా ఓడకుండా మళ్ళీ ఛాంపియన్ అయింది.

ఈ రెండు ఉదంతాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి స్పష్టమౌతుంది. "వాడు బయటివాడు" అనే అభ్యంతరం ఒకచోట గనికార్మికుడి బిడ్డ తరఫున వినిపించింది. మరొకచోట నల్లవాడి చేతిలోని బిరుదును గుంజుకోవటానికి పనికివచ్చింది. అటూ ఇటూ పనికివచ్చే కత్తిని న్యాయసూత్రం అనలేం. ఆటగాడు ఎక్కడ పుట్టాడన్నది నీతికి సంబంధించిన ప్రశ్న కానేకాదని నా అభిప్రాయం. తెలివికీ బలానికీ పుట్టినచోటనే పాతుకుపోయి ఉండాలన్న శాసనమేదీ లేదు. మనిషి కదలటం తప్పు కాదు. కదిలించినవాడు ఆ మనిషిని ఏమని లెక్కలో రాసుకొంటున్నాడు అన్నదే అసలు ప్రశ్న.

ఆ లెక్కల పుస్తకంలో అమెరికా కాలేజీలు రాసుకొన్న మాట ఒకటున్నది: "విద్యార్థి-క్రీడాకారుడు." వినటానికి ఎంతో సాధువైన మాట. దాని పుట్టుక మాత్రం సాధువైనది కాదు. 1955లో కొలరాడోలోని ఒక చిన్న కాలేజీ జట్టులో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ రే డెన్నిసన్ అనే యువకుడు తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. స్కాలర్‌షిప్పుకు ఆడాడు కాబట్టి అతను కాలేజీకి పనివాడేననీ, పనిలో చనిపోయిన కార్మికుడికి వచ్చే నష్టపరిహారం ఇప్పించమనీ అతని భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్రపు సుప్రీంకోర్టు కాదన్నది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యటం లేదు గనుక అతను పనివాడు కాడన్నది. అటువంటి దావాలు ముంచుకొస్తాయన్న భయంతోనే తాము "విద్యార్థి-క్రీడాకారుడు" అన్న మాటను తయారుచేసి అంతటా వాడించామని, ఆ సంఘాన్ని 1951నుంచి 1987దాకా నడిపిన వాల్టర్ బయర్స్ తరువాత 1995లో అచ్చువేసిన పుస్తకంలో తానే చెప్పుకొన్నాడు. ఒక మాట పుట్టి ఒక వితంతువు నోరు నొక్కింది. భాష ఏ వర్గానికి ఊడిగం చేస్తుందో చెప్పటానికి మన విద్యార్థులకు ఇంతకంటె మంచి ఉదాహరణ నేను చూపలేను.

స్కాలర్‌షిప్పు సంగతి చూద్దాం. 1973లో ఆ సంఘం ఒక నియమం తెచ్చింది: ఆటగాడి స్కాలర్‌షిప్పు ఏడాదికి మాత్రమే. ఏడాది తిరిగాక శిక్షకుడికి ఇష్టమైతే పొడిగిస్తాడు, లేకపోతే లేదు. ఒక ఏడాదికి మించి ఇచ్చే వీలు మళ్ళీ కలిగింది 2012లో. అంటే దాదాపు నలభై ఏళ్ళపాటు ఆ మహావిశ్వవిద్యాలయాల్లో నడిచిన పద్ధతి మన పల్లెల్లో ఎవరికీ వివరించనక్కరలేనిది. మోతుబరి ఏడాదికి పాలేరును కుదుర్చుకొన్నట్టే. పాలేరు కాలు విరిగితే మరుసటి ఏడు వేరే పాలేరు. తేడా ఒక్కటే: మన పాలేరును ఎవరూ "విద్యార్థి-పాలేరు" అనలేదు.

ఇటీవల ఈ గోడలు బీటలువారుతున్నాయి. చదువుకు సంబంధించిన సాయంపై క్రీడాసంఘం విధించిన పరిమితులు చెల్లవని 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా చెప్పింది. ఆ జూలైనుంచి ఆటగాళ్ళు తమ పేరునూ బొమ్మనూ ప్రకటనలకు ఇచ్చి డబ్బు తీసుకొనే వీలు కలిగింది. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన మరో ఒప్పందం ప్రకారం కాలేజీలే ఆటగాళ్ళకు నేరుగా డబ్బు చెల్లించవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కొక్క కాలేజీకి పరిమితి సుమారు రెండుకోట్ల అయిదులక్షల డాలర్లు. ఆటగాడు పనివాడేనన్న సత్యం డెబ్బై ఏళ్ళకు దొడ్డిదారిన లోపలికి వచ్చిందన్నమాట. అయితే ఆ దారిలో కూడా అందరికీ ఒకే ప్రవేశం లేదు. విదేశంనుంచి చదువు వీసామీద వచ్చినవాడు అక్కడ ఉద్యోగం చేసుకోవటంపై కట్టుబాట్లున్నాయి. పక్కన ఆడే అమెరికన్ కుర్రవాడు సంతకం పెట్టి డబ్బు తీసుకొనేచోట, వెతికి తెచ్చుకొన్న పరదేశి సంతకం పెడితే తన వీసాకే ముప్పు వస్తుందేమోనని వకీలును అడగవలసి వచ్చింది. ఆట ఒకటే, చెమట ఒకటే, కాగితం వేరు.

హాకీలో మరో తలుపు కూడా తెరుచుకొన్నది. కెనడాలోని మూడు పెద్ద జూనియర్ లీగుల్లో ఆడినవారిని అమెరికా కాలేజీలు ఎంతోకాలంగా వృత్తి ఆటగాళ్ళుగా లెక్కగట్టి చేర్చుకొనేవి కావు. 2024 ఆగస్టులో దీనిమీద దావా పడింది. నవంబరులో క్రీడాసంఘం నియమం మార్చింది. 2025 ఆగస్టు 1నుంచి వారికి ప్రవేశం కలిగింది. ఆ ఏడే, కొత్త ఒప్పందానికి ఒప్పుకొన్న కాలేజీలకు హాకీ జట్టులో 26 మందికి మించి ఉండరాదన్న పరిమితి కూడా వచ్చింది. ఒకపక్క తలుపు బార్లా తెరిచారు, ఇంకొకపక్క గదిలో కుర్చీలు లెక్కపెట్టారు. ఎవెలెత్ వంటి ఊళ్ళ కుర్రవాడికీ, కెనడాలో ఏ చిన్న ఊరి కుర్రవాడికో ఒకే కుర్చీమీద పోటీపెట్టి, వారిద్దరూ ఒకరి నొకరు శత్రువులుగా చూసుకొంటుంటే, కుర్చీలు ఇన్నేనని నిర్ణయించినవాడు మాత్రం ఎవరి కంటా పడడు. ఇది పరిశ్రమలో కార్మికులు ఎరిగిన సంగతే.

ఇదంతా చదివి, అయితే ఈ ఎగుమతి అంతా దోపిడీయేనా అని అడగవచ్చు. అంత తేలికగా తీర్పు చెప్పటం నాకిష్టం లేదు. కృష్ణాజిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని ఉన్నాడు. అతను అమెరికాలోని అలబామా విశ్వవిద్యాలయం తరఫున టెన్నిస్ ఆడాడు. తిరిగివచ్చి 2014 ఆసియా క్రీడల్లో సానియా మీర్జాతో కలిసి మన దేశానికి స్వర్ణపతకం తెచ్చాడు. అలబామావారు తమ జట్టుకోసం పెట్టిన ఖర్చు మన దేశానికి కూడా ఉపయోగపడింది. ఇరవై ఏళ్ళ వయస్సులో ఆటా చదువూ ఒకేచోట సాగించటానికి మన విశ్వవిద్యాలయాల్లో ఎన్నింటిలో వసతి ఉన్నది? లేనప్పుడు, పిలిచినవాడి దగ్గరికి పోయిన కుర్రవాణ్ణి దేశద్రోహి అనటం, వాణ్ణి పిలిచినవాణ్ణి దొంగ అనటం మన చేతగానితనాన్ని కప్పిపుచ్చుకోవటమే.

కాబట్టి వాదాన్ని సరిగా పెట్టుకోవాలి. ఆటగాడు తన ఇష్టంతోనే పోతున్నాడు గదా, ఒప్పందం ఉభయులకూ లాభమే గదా అనేది సాధారణంగా వినవచ్చే సమర్థన. ఇష్టం అనే మాటను మార్క్సు 'పెట్టుబడి' మొదటి సంపుటంలో (1867) శల్యపరీక్ష చేశాడు. కార్మికుడు రెండర్థాల్లో స్వతంత్రుడని అతనన్నాడు: తన శ్రమశక్తిని ఎవరికైనా అమ్ముకొనే స్వాతంత్ర్యం ఒకటి, అమ్ముకొనేందుకు అది తప్ప మరేమీ లేకపోవటం రెండోది. అంతకు ముందే, 1785లో కాంటు, వెల ఉన్న వస్తువు వేరు, వెలకు అతీతమైన మనిషి గౌరవం వేరు అన్నాడు. మనిషిని ఎన్నడూ కేవలం సాధనంగా వాడరాదన్నాడు. కాంటు మాటలో "కేవలం" అన్న పదాన్ని మనం జారవిడవకూడదు. మనం ఒకరి నొకరం సాధనాలుగా వాడుకోకుండా ఒక్కరోజు గడవదు. రైతు నాకు అన్నం పెట్టే సాధనం, నేను అతని బిడ్డకు అక్షరం చెప్పే సాధనం. వాడుకోవటం తప్పు కాదు. వాడుక అయిపోయిన తరువాత ఎదుటివాడిలో మనకు ఇంకా ఎవరైనా కనిపిస్తున్నారా లేదా అన్నది పరీక్ష.

ఈ పరీక్ష ఏనాడు జరుగుతుంది? ఆటగాడు గోలు కొట్టిన రోజున జరగదు. ఆ రోజు అందరూ అతన్ని భుజాల కెత్తుకొంటారు. అతని మోకాలు విరిగిన మర్నాడు జరుగుతుంది. పిలిచినవాడి నీతి, పిలిచినప్పుడు ఇచ్చిన విందులో ఉండదు. అవసరం తీరిన మర్నాటి ఉదయం అతను ఏం చేశాడన్నదానిలో ఉంటుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట ఇదొక్కటే.

ఇక మన ఇంటి సంగతికి వద్దాం. పిలిచేవాళ్ళు అమెరికాలోనే లేరు. టోక్యో ఒలింపిక్స్ 2021లో జరిగినప్పుడు కంచుపతకం గెలిచిన మన హాకీ జట్టులో పలువురు పంజాబులోని ఒక పెద్ద ప్రైవేటు విశ్వవిద్యాలయంలో విద్యార్థులుగా నమోదైనవారే. ఆ సంగతిని ఆ విశ్వవిద్యాలయం ప్రకటనల్లో ఘనంగా చాటుకొన్నది. స్పోర్ట్స్ కోటా సీటు, ఉచిత హాస్టలు, అంతర్విశ్వవిద్యాలయ పోటీల్లో కప్పు, ఆ కప్పు బొమ్మతో మరుసటి ఏడు అడ్మిషన్ల కరపత్రం: ఈ వరస మన కోస్తా జిల్లాల ఉపాధ్యాయులెవరికీ తెలియనిది కాదు. ఇందులో పేదయింటి పిల్లలకు చదువు దొరుకుతున్నమాట నిజం. అందుకు సంతోషించవలసిందే. కాని మర్నాటి సంగతి?

నేనెరిగిన ఒక కాలేజీలో జరిగింది చెబుతాను. పశ్చిమ కర్నూలులో కోసిగి వైపునుంచి ఒక కుర్రవాణ్ణి కబడ్డీకోసం తెచ్చారు. సీటు ఉచితం, హాస్టలు ఉచితం. రెండేళ్ళు అతను కాలేజీకి కప్పులు తెచ్చాడు. మూడో ఏడు మొదట్లో మోకాలి లిగమెంటు తెగింది. జనవరి చివర ఒకరోజు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడ్డాడు.

"సార్, హాస్టల్ ఫీజన్నా కట్టాలంట, లేకుంటే ఖాళీ చెయ్యాలంట సార్."

మీ నాయనకు కబురు పంపావా అని అడిగాను.

"నాయన ఊర్లో లేడు సార్. సుగ్గికొచ్చినారు. పిడుగురాళ్ళ తావ మిరక్కాయలు కోస్తాండారు. అమ్మా, చెల్లెలూ గూడా."

చెల్లెలు చదువుకోవటం లేదా అన్నాను.

"పండగ దాకా పోయింది సార్ బడికి."

హాస్టలు సంగతి మేము నలుగురం ఉపాధ్యాయులం చందాలు వేసుకొని ఆ ఏటికి గట్టెక్కించాం. అది పెద్ద సంగతి కాదు, పరిష్కారమూ కాదు. నన్ను వదలకుండా వెంటాడిన సంగతి వేరే ఉన్నది. ఒకే కుటుంబాన్ని మా ప్రాంతం రెండుసార్లు పిలిచి తెచ్చుకొన్నది. కొడుకును కాలేజీ తెచ్చుకొన్నది, తలిదండ్రుల్నీ ఆడపిల్లనూ పొలం తెచ్చుకొన్నది. ఒక బేరంలో చదువు ఎరగా చూపారు. రెండో బేరంలో చదువే పోయింది.

సుగ్గి అన్న మాట మనలో ఎందరికి తెలుసు? కోసిగి, మంత్రాలయం, ఆదోని ప్రాంతాలనుంచి ఏటా సంక్రాంతి చుట్టుపట్ల కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, ప్రకాశం మాగాణాలకూ మెట్టలకూ మిరపకోతకు, పత్తితీతకు కదులుతాయి. వానలు నమ్మరాని చోట ఏడాదికి ఒక పంట. అది అయ్యాక ఊళ్ళో పని లేదు. ముఠా మేస్త్రీ బయానా ముట్టచెబుతాడు, బండి మాట్లాడతాడు. చేనుగట్టున పట్టాల గుడిసెలు లేస్తాయి. ఎదిగిన పిల్ల కాయ కోస్తుంది, ఎదగని పిల్ల ఉయ్యాల ఊపుతుంది. వెనక ఊళ్ళో బడి సగం ఖాళీ. పిల్లల్ని ఊళ్ళోనే నిలిపి చదివించటానికి ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు పెట్టింది; అవి వేళకు తెరిచినచోట పిల్ల ఆగుతుంది, తెరవనిచోట తల్లి వెంట బండెక్కుతుంది. మన మిర్చి యార్డు దేశదేశాలకూ ఎగుమతి చేసే ఎర్రబంగారంలో ఆ పిల్ల పోగొట్టుకొన్న అక్షరాలు కూడా తూకంలోకి వస్తున్నాయని ఎవరూ రశీదు రాయరు.

ఈ మాట ఒక రైతుతో అన్నాను. నా దగ్గర చదివిన కుర్రవాడి తండ్రి. అయిదెకరాలు కౌలు చేస్తున్నాడు. కొడుకును అమెరికా పంపాడు.

"మీరన్నది నిజమే మాష్టారూ. కాని కాయ పండి చెట్టున ఉంటే మనుషులు దొరక్కపోతే నేనేం గావాలి? కాయ తాలైపోతే యార్డులో సగం ధర గూడా రాదు. కౌలు కట్టాలా, మందుల కొట్టు బాకీ కట్టాలా? వాళ్ళు రాకపోతే నాకూ లేదు, వాళ్ళకూ లేదు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. కౌలురైతు కూడా వేరొకరి బయానాకు కట్టుబడినవాడే. అతన్ని దోపిడీదారని ముద్రవేసి చేతులు దులుపుకోవటం విమర్శ కాదు, సోమరితనం. అయితే ఆ తండ్రే మరుక్షణం తన కొడుకు గురించి దిగులుపడ్డాడు: "అక్కడ చదువయ్యాక వాళ్ళు ఉండనిస్తారో, పొమ్మంటారో. పనికొచ్చినన్నాళ్ళు ఉంచుకొని తరవాత పొమ్మంటే ఎట్లా మాష్టారూ?" అమెరికావాణ్ణి ఆయన అడగదలచిన ప్రశ్న సరిగ్గా ఇదే గదా, ఆయన చేనుగట్టున ఉన్న కోసిగి మనిషి ఆయన్నీ నన్నూ అడగదగిన ప్రశ్న! మనం పిలవబడినవాళ్ళం అయినప్పుడు మనకు తట్టే నీతి, మనం పిలిచేవాళ్ళం అయినప్పుడు తట్టదు. మన ఆలోచనలో ఉన్న ఈ చీలికను పూడ్చటమే ఈనాటి పని.

ఊరి బాకీ సంగతి మిగిలింది. ఆటగాడు ఊరి ఆస్తి కాడు. పెంచాం గనుక కదలరాదనే హక్కు తల్లికే లేనప్పుడు ఊరికెట్లా ఉంటుంది? కాని పిలిచినవాడు ఊరికి ఏమీ బాకీ లేడనటం వేరు మాట. ప్రపంచ ఫుట్‌బాల్‌ను నడిపే ఫీఫా ధర్మసంస్థ ఏమీ కాదు. అయినా 2001లో అది తెచ్చిన నిబంధనల ప్రకారం, ఆటగాడు ఒప్పందం మధ్యలో డబ్బుకు క్లబ్బు మారినప్పుడు, ఆ డబ్బులో నూటికి 5 వంతులు, అతనికి 12 ఏళ్ళనుంచి 23 ఏళ్ళదాకా ఆట నేర్పిన క్లబ్బులకు పంచాలి. ఆటగాణ్ణి ఆపలేదు, పెంచిన చేతుల్నీ మరిచిపోలేదు. పెద్ద వ్యాపారమే ఒప్పుకొన్న ఈ ఋణాన్ని విద్యాలయాలు ఒప్పుకోలేదు. పరదేశంనుంచి కుర్రవాణ్ణి తెచ్చుకొన్న అమెరికా కాలేజీ అతని ఊరి ఆటస్థలానికి ఏమీ కట్టదు. 1970ల్లో జగదీశ్ భగవతి అనే ఆర్థికవేత్త, పేదదేశాలనుంచి పోయిన విద్యావంతుల ఆదాయంమీద పన్ను వేసి ఆ దేశాలకే ఇవ్వాలని ప్రతిపాదించాడు. ఆ ప్రతిపాదన కాగితం దాటలేదు. దాటనంత మాత్రాన ఋణం తీరినట్టు కాదు.

ఒక ఆటగాణ్ణి పెంచటంలో ఎన్ని చేతులుంటాయో చూడండి. విశాఖపట్నంలో కాపలా ఉద్యోగి కూతురు జ్యోతి యర్రాజీ. ఊళ్ళో బడి వ్యాయామోపాధ్యాయుడు, హైదరాబాదులో ప్రభుత్వ శిక్షణ, ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం, ఆ తరువాత భువనేశ్వరులో ఒక ప్రైవేటు సంస్థ శిక్షణకేంద్రం: ఇన్ని మెట్లెక్కి ఆమె 2024లో పారిస్ ఒలింపిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో పరిగెత్తిన మొదటి భారతీయ స్త్రీ అయింది. ఆమె ఎవరిది అని అడిగితే ప్రతి మెట్టూ నాదే అంటుంది. కాని మొదటి మెట్టు ఎప్పుడూ బడే. ఆటస్థలం లేని బడికి అనుమతులిచ్చి, ఆటస్థలంలో షాపులు కట్టి, పైమెట్టుమీద పతకాల కోసం ఎదురుచూసే మనం, మొదటి మెట్టు బాకీ ఎగ్గొట్టిన వారిలో మొదటివాళ్ళం.

కాబట్టి ఉపాధ్యాయులుగా, విద్యార్థులుగా మనం పిలవటాన్ని నిషేధించమని అడగకూడదు. లెక్క చెప్పమని అడగాలి. ఆటకోసం చేర్చుకొన్న ప్రతి విద్యార్థికీ డిగ్రీ పూర్తయ్యేదాకా, అతను ఆడినా ఆడకపోయినా, సీటూ హాస్టలూ నిలుస్తాయని కాగితంమీద రాసి ఇవ్వాలి. ఆటలో తగిలిన దెబ్బకు వైద్యం కాలేజీ ఖర్చుగా ఉండాలి. చేరినవారిలో ఎందరు చదువు ముగించారో, కప్పుల పక్కనే ఏటా ఆ లెక్క కూడా ప్రకటించాలి. ఇదే లెక్క పొలంలోనూ అడగాలి. సుగ్గికి వచ్చిన కుటుంబంలో బడియీడు పిల్లలెందరు, వారు ఏ బడిలో ఉన్నారు అని మన పల్నాటి, ప్రకాశం పంచాయతీలు అడిగి రాసుకోవాలి. అక్కడి సీజనల్ హాస్టలు పండగకు ముందే తెరవమని ఇక్కడి ఉపాధ్యాయ సంఘాలు కూడా గొంతు కలపాలి. కౌలురైతు ఒక్కడి నెత్తిన ఈ బాకీ రుద్దటం అన్యాయం. ఆ కాయమీద సెస్సు వసూలుచేసేవారూ, లాభం తీసేవారూ భరించాలి.

ఇవేవీ విప్లవాలు కావు. పాలేరుకు కూడా ఏడాది చివర లెక్క చూసి పంపటం మన పల్లెల్లో ఒకప్పుడు కనీస మర్యాద. లెక్క అడగటం అలవాటైన మనిషి మాత్రం, ఆ లెక్క ఎవరు రాస్తున్నారు, ఎందుకు రాస్తున్నారు అని కూడా ఒకనాడు అడుగుతాడు. అమెరికా కాలేజీ ఆటగాళ్ళు కోర్టుల్లో ఈమధ్య అడగసాగింది ఆ ప్రశ్నే. పిడుగురాళ్ళ చేలో కాయకోసే పిల్ల తరఫున దాన్ని ఇంకా ఎవరూ అడగలేదు.